దారి పక్క పైరు

ఏటి అవతలి అడవిలో జంతువులు సేద్యం చేసుకునే రోజులవి. సేద్యం బాగోగులు చూడ్డానికి మృగరాజు ఒక వ్యవసాయ శాఖ పెట్టాడు. దానికి పెద్ద జంబయ్య నక్క. ఆయన కింద విత్తనాలకు కోతి, కాలువలకు కొంగ. వీళ్ల పోషణకు కళ్లంలో రాశి పోయగానే ఇంటికో తట్ట గింజలు కొలవాలి. తట్ట ఒక్క పూట ఆలస్యమైతే ముగ్గురూ గుమ్మంలో ఉంటారని మైలయ్య ఎద్దు విసుక్కునేవాడు.

ఆ ఏడు మైలయ్య జొన్న చేను కంకి తీసే ముందు పొట్ట మీదుండగా కాలువ పూడిపోయింది. చేను ఎండితే వేసవిలో మందకు గింజా ఉండదు, చొప్పా ఉండదు. పది రోజులు చూసినా ఎవరూ రాకపోయేసరికి పరుగున కొంగ దగ్గరికెళ్లాడు.

"కాలువ నాదే. పూడింది మట్టితో కదా! మట్టి సంగతి కోతినడుగు" అంది కొంగ, ఒంటికాలి మీంచి కదలకుండా.

"మట్టిలో విత్తనం వరకే నేను మావా. జంబయ్యగారు చెబితేనే చెట్టు దిగుతా" అంది కోతి.

జంబయ్య తియ్యగా నవ్వాడు. "నీ బాధ నా బాధ కాదా! రేపు రాజుగారి తనిఖీ. అదయ్యాక చూద్దాం. ఈలోగా చిన్న సాయం చెయ్యి. తెల్లారేసరికి ఏటి ఒడ్డు తూటికాడలు కోసి బండెడు తేవాలి. రాజుగారి బండీ నువ్వే లాగాలి."

"తూటికాడలెందుకయ్యా?"

"మాంసం తినే రాజుకు పచ్చగా ఉన్నదంతా పైరే!"

తెల్లారగానే కోతీ కొంగా ఆ కాడలు దారికి రెండు పక్కలా గుచ్చేశాయి. మైలయ్యకు ఒళ్లు మండిపోయింది. కాలువలో దిగని కాళ్లు ఇక్కడ పరుగులు పెడుతున్నాయి!

రాజు బండెక్కాడు. ఏటా మంచు ఆరకముందే తనిఖీ ముగిసేది. ఈసారి నాలుగడుగులు వేసి, మైలయ్య కాడి కిందే చతికిలబడ్డాడు.

"లే మైలయ్యా, లే!" అంటూ జంబయ్య ఎద్దు తోక మెలిపెట్టాడు.

"నడుం పట్టేసింది దొరా. కాస్త ఎండ తగిలితే సర్దుకుంటుంది."

పొద్దు నడినెత్తికొచ్చింది. తూటికాడలన్నీ తలలు వాల్చేశాయి.

"నా కళ్లముందే పైరు వాడిపోతోందేం?" అన్నాడు రాజు.

మైలయ్య లేచాడు. "ఒకటి పీకి చూడండి ప్రభూ."

రాజు పీకాడు. వేరు లేదు. "ఎవరి పని ఇది?" అని గర్జించాడు. కొంగ కోతిని చూసింది, కోతి జంబయ్యను చూసింది.

"విచారణకు ఇంకో విభాగం పెడదాం ప్రభూ" అన్నాడు జంబయ్య.

"ఇంకోటా! దానికీ తట్ట నేనే కొలవాలా?" అని రంకె వేశాడు మైలయ్య.

"ముందు ముగ్గురూ కాలువలో దిగండి" అన్నాడు రాజు. "ఇకమీదట నేను చేలోకి నడిచి చూసి, నీళ్లందాయంటేనే మీకు తట్ట."

పొద్దుగూకేలోగా నీళ్లు పారాయి. సగం చేను దక్కింది. ఒక్క పూట పనికి మిగతా సగం ఎండబెట్టారన్న మంట మాత్రం మైలయ్యకు చల్లారలేదు.

"ఆకలేస్తోంది మైలయ్యా" అన్నాడు జంబయ్య, మెడదాకా మునిగిన బురదలోంచి.

"దారి పక్కన మీ పైరుందిగా, కోసుకు తినండి!"

నీతి: అజమాయిషీ చేసేవాడు దారి పక్కనే చూసిపోతే, పని చేసేవాడు దారి పక్కనే చేస్తాడు.