ఏం కూర వండావమ్మా?

జోజప్ప స్వామివారికి ఒక అలవాటుండేది. సాయంత్రం కాగానే తెల్లంగీ తొడుక్కుని, గొడుగు చేతికర్రలా పట్టుకుని వీధిలోకి బయల్దేరేవారు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, "ఏం కూర వండావమ్మా?" అని అడిగేవారు. చెప్పింది విని తల ఊపి పక్క గుమ్మానికి వెళ్ళేవారు. మా విచారణ గురువుగా, అంటే మా గుడి ఫాదరుగా, ఉన్నన్నాళ్ళూ ఆయన ఈ అడగడం మానలేదు. కొంటెవాళ్ళు చాటుగా ఆయన్ని కూర స్వామి అనేవాళ్ళు. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ఇప్పుడు మా గుడి పెద్దదైంది. గంట కూడా మీట నొక్కితే మోగుతుంది. వస్తున్న ఫాదర్లు మంచివాళ్ళే, బాగా చదువుకున్నవాళ్ళు, ఫోను చేస్తే వెంటనే పలుకుతారు. కానీ పొద్దు వాలే వేళకి మా అరుగు ముందు ఆగి, పొయ్యి మీద ఏముందని అడిగే మనిషి లేడు. ఆ వేళకి నాకు ఇప్పటికీ ఏదో వెలితిగానే ఉంటుంది. పెద్దవాణ్ణయ్యాక ఇలాంటి బెంగలు ఎక్కువవుతాయి కాబోలు.

ఇక్కడ చెప్పబోయేదాంట్లో గుళ్ళో జరిగిన కాస్త నేను కళ్ళారా చూసింది. మిగతాది ఫాదర్ శౌరిరాజుగారు తాను ఫాదరై పాతికేళ్ళు నిండిన గురుపట్టాభిషేక రజతోత్సవం నాడు, భోజనాల దగ్గర మాకు చెప్పారు.

శౌరిరాజుగారు సెమినరీలో ఫాదరు చదువు ముగించుకుని, స్వామివారికి సహాయకుడిగా మా ఊరొచ్చిన ఏడాది అది. ఉడుకు వయసు. ప్రసంగం ముందుగా రాసుకుని కంఠతా పట్టేవారు. పొద్దున లేస్తే చెయ్యాల్సిన పనులు బోలెడు, ఏదీ సరిగ్గా చెయ్యలేకపోతున్నానని బాధ. ఒక సాయంత్రం ఫాదర్లుండే బంగళా వరండాలో పెద్దాయన్ని అడిగేశారు.

"ఫాదర్, గురువుగా బాగా బతకాలంటే రోజూ తప్పకుండా చెయ్యాల్సింది ఏమిటి?"

పెద్దాయన మూలనున్న గొడుగు అందుకున్నారు. "పద, అలా నడుచుకుంటూ మాట్లాడుకుందాం" అన్నారు. నడిచారు గాని మాట్లాడలేదు.

అది ఈస్టరుకి ముందొచ్చే నలభై రోజుల తపస్సుకాలం, పైగా శుక్రవారం. ఆ రోజు మా కతోలికుల ఇళ్ళల్లో నీచు ముట్టరు. పొద్దుగూకాక గుళ్ళో సిలువమార్గం ఉంటుంది. ప్రభువు సిలువ మోసిన దారిని తలుచుకుంటూ, గోడల మీది పటాల ముందు ఒక్కొక్కచోటా ఆగి, మోకాళ్ళూని ప్రార్థించడమన్నమాట. మా పల్నాటి వైపు అవి మిరపకోతల రోజులు కూడా. ఊరు ఊరంతా చీకటితోనే చేలకు పోయి, దీపాలు పెట్టే వేళకి మండే చేతులతో తిరిగొచ్చేది. పగలంతా ఎవరింట్లో ఏం జరుగుతోందో పక్కింటివాళ్ళకి కూడా తెలిసేది కాదు.

అందుకని ఆ సాయంత్రం వీధిలో ముసలివాళ్ళు తప్ప ఎవరూ లేరు. ఒక గుమ్మంలో దోసకాయ పప్పు అన్నారు. ఇంకో గుమ్మంలో గోంగూర అన్నారు. అడిగిన పెద్ద ప్రశ్నకి జవాబు రాకపోగా, ఊరి కూరలన్నీ వినాల్సొస్తోందని శౌరిరాజుగారికి చిరాకేసింది.

వీధి చివర ఇన్నాసమ్మ ఇల్లు. భర్త చిన్నప్ప అంతకు ముందు క్రిస్మసు నెలలో పోయాడు. ఒక్కగానొక్క కూతురు కొన్నాళ్ళు తోడుండి అత్తవారింటికి వెళ్ళిపోయింది. ఇన్నాసమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

"ఏం కూర వండావు ఇన్నాసమ్మా?"

"కోడికూర సామీ."

శౌరిరాజుగారి మొహం ఎర్రబడింది. పెద్దాయన నోరు తెరిచేలోపే తాను అందుకున్నారు. "ఇవాళ శుక్రవారం కదమ్మా. తపస్సుకాలంలో శుక్రవారం కోడికూరా? ఏనాడూ సిలువమార్గం తప్పనివాళ్ళు, మీరే ఇలా చేస్తే మిగతావాళ్ళకి ఏం చెప్పను?"

జోజప్ప స్వామివారు వాకిట్లో నులకమంచం వాల్చుకుని కూర్చున్నారు. గొడుగు పక్కన పెట్టారు. "అయితే నాకూ కాస్త పెట్టమ్మా. ఆకలిగా ఉంది" అన్నారు.

శౌరిరాజుగారు ఎవరైనా విన్నారేమోనని వీధి వైపు చూశారు. తపస్సుకాలం మొత్తం మాంసం ముట్టని మనిషి, శుక్రవారం పూట, వీధిలోకి కనపడేలా కూర్చుని కోడికూర అడుగుతున్నాడు. ఇన్నాసమ్మ మాత్రం గుమ్మం దగ్గర్నుంచి కదల్లేదు. అప్పుడు శౌరిరాజుగారి చూపు వాకిట్లో పొయ్యి మీద పడింది. పొయ్యిలో పిల్లి లేవలేదని మాటవరసకి అంటుంటాం. ఆ పొయ్యిలో నిజంగానే ఒక బూడిదరంగు పిల్లి ముడుచుకుని నిద్రపోతోంది.

"కూర లేదు సామీ" అంది ఇన్నాసమ్మ చివరికి. "పొయ్యే ఎలిగించలా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"గుర్తు లేదు. ఎవురి కోసం వొండను సామీ? ఆయన పోయాడు. నేనూ ఇట్టా మెల్లగా ఎల్లిపోతే ఎవురికీ ఇబ్బంది ఉండదనుకున్నా. కోడికూరంటే ఇంట్లో అంతా బాగానే ఉందనుకుని మీరు ఎల్లిపోతారని అట్టా అన్నా."

అన్నం మానేసిన మనిషికి తాను ఉపవాసం గురించి చెప్పానని తెలిసి, శౌరిరాజుగారికి తలెత్తబుద్ధి కాలేదట. అంత సిగ్గు మళ్ళీ ఎప్పుడూ పడలేదని, ఆ రజతోత్సవం నాడు అందరి ముందూ చెప్పారు.

"సరే, నాకోసం వండు" అన్నారు పెద్దాయన. "పప్పు చాలు. ఇవాళ శుక్రవారమట."

"శుక్రవారమా?" ఇన్నాసమ్మ చెంపలు వేసుకుంది. "సిలువమార్గం ఉందిగా సామీ, నేనెట్టా మర్చిపోయా?"

స్వామివారు శౌరిరాజుగారి వైపు తిరిగి, పొయ్యి రాజెయ్యమన్నారు. ఆయన పిల్లిని లేపి, అంగీ మోకాళ్ళ దాకా ఎత్తి కట్టి, బూడిదంతా మొహాన పడేలా ఊదారు. పొగే తప్ప మంట రాలేదు. కాసేపు చూసి ఇన్నాసమ్మ ఓర్చుకోలేకపోయింది. "లేవండి ఫాదర్, అట్టా ఊదితే రాజుకుంటదా? ఏం నేర్పారు మీకు ఆ సెమినరీలో?" అని పక్కకి నెట్టి తానే కూర్చుంది. పెద్దాయన మంచం మీద మీసాల్లో నవ్వుకున్నారు.

పప్పు ఉడుకుతుండగా గుడి గంట మోగింది. "జనం వచ్చేస్తారు ఫాదర్" అన్నారు శౌరిరాజుగారు. "ఉడకనీ" అన్నారు పెద్దాయన. కంచంలో అన్నం పెట్టాక కూడా, ఒక్కణ్ణే తినలేనమ్మా అని చెయ్యి ముడుచుకుని కూర్చున్నారు. ఆమె తన కంచం తెచ్చుకుని మొదటి ముద్ద మింగేదాకా ఆయన ముట్టలేదు. ఆ ముద్ద మింగడానికి ఆమెకి చాలాసేపు పట్టింది.

ఆ చాలాసేపూ మేం గుళ్ళో ఉన్నాం. పొద్దుట్నుంచీ వంగి కాయ కోసిన నడుములు మావి. పిల్లలు నిద్రకి పడ్డారు, పెద్దవాళ్ళు గొణిగారు. నేనూ బాగానే గొణిగాను. ఎట్టకేలకు స్వామివారు వచ్చారు. వెనకాల మొహం నిండా మసితో శౌరిరాజుగారు, ఆయన చెయ్యి పట్టుకుని ఇన్నాసమ్మ. పెద్దాయన మీసానికి పప్పు అంటుకుని ఉంది. క్షమించండని అనలేదు, ఏం జరిగిందో చెప్పలేదు, మొదటి పటం ముందుకెళ్ళి మోకాళ్ళూనారు.

ఇన్నాసమ్మ ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. సాయంత్రం స్వామివారు వీధి మలుపు తిరగడం చూస్తే చాలు, ఆయన అడక్కముందే కూర పేరు చెప్పేది. ఉప్పు ఎక్కువైతే అదీ చెప్పేది.

ఆ శుక్రవారం జనం వెళ్ళిపోయాక గురుశిష్యులిద్దరూ బంగళాకి నడిచారు. మెట్ల దగ్గర శౌరిరాజుగారు ఆగారు.

"ఫాదర్, పాపం అంతమంది కాచుకున్నారు. సిలువమార్గం ఇవాళ చాలా ఆలస్యంగా మొదలుపెట్టాం."

పెద్దాయన గొడుగు మళ్ళీ మూలన ఆనించారు.

"మొదలుపెట్టడం వేళకే మొదలుపెట్టామయ్యా. గుడికి రావడమే ఆలస్యమైంది."