ఊరి ఆడవాళ్లంతా తినాల్సిన లేహ్యం

ఆకులతో చేసిన మందు అపకారం చెయ్యదని మీకెవరు చెప్పారు?

మాణిక్యపురంలో రాజవైద్యుడు విరూపాక్షశర్మ చెప్పాడు. నెలసరిని సరిచేస్తుందంటూ ఒక లేహ్యం చేసి, ముందు కొన్నిళ్లకు పంచి, ఇక ఊళ్లో ప్రతి స్త్రీ తినాలని రాజుగారి చేత ఆజ్ఞ ఇప్పించబోయాడు. ఆ మాట వినగానే చాకలి గురవమ్మకు ఒళ్లు మండింది. ఆ లేహ్యం తిన్న ఆమె కూతురు ఇరవై రోజులుగా రక్తం పోతూ మంచం దిగడం లేదు. ఆజ్ఞ పడితే ఊరందరిదీ అదే గతి. తడిచేతులు కొంగుకు తుడుచుకుని నేరుగా సభకు నడిచింది.

"ఇంతవరకు ఒక్క ఆడమనిషీ నాకు బాధ చెప్పుకోలేదు ప్రభూ," అంటున్నాడు వైద్యుడు.

"మీకు చెప్పడానికి సిగ్గుపడతారు అయ్యగారూ. ముట్టుగుడ్డలు ఉతికేది నేను. మీ లేహ్యం వచ్చాక కొన్నిళ్ల గుడ్డలు రెండు నెలలుగా రేవుకు రావడం లేదు. కొన్నిళ్లవి వారం వారం వస్తున్నాయి. నా కూతురైతే రక్తం పోయి మంచం దిగడం లేదు," అంది గురవమ్మ.

"చాకిరేవులో వైద్యం నేర్చుకున్నావటే! వట్టి ఆకులవి. ఎవరు తిన్నా ఏమీ కాదు."

"అయితే మీరూ నలభై రోజులు తినండి."

వైద్యుడు ఉలిక్కిపడ్డాడు. "ఛీ! మగాడు తింటే మీసం రాలి రొమ్ములు పెరుగుతాయి!"

సభ ఘొల్లుమంది. గురవమ్మ మాత్రం నవ్వలేదు.

"మీ ఒంటిని అంతలా మార్చే మందు మా ఒంటిని ఊరికే వదులుతుందా? ఎవరికేం జబ్బో చూడకుండా అందరి నోట్లో ఎలా పెడతారు?"

రాజు ఆజ్ఞాపత్రం చించేశాడు. "శర్మా, లేహ్యం సంగతి తర్వాత. ముందు వెళ్లి ఈమె కూతుర్ని బతికించు!"

అక్కలారా, హార్మోన్లు సరిచేస్తుందని ఎవరైనా పొడి డబ్బా చేతిలో పెడితే, నోట్లో వేసుకోకముందే డాక్టరుకు చూపించండి. ఇప్పటికే తింటుంటే, దాచకుండా చెప్పండి.