తాళాల గుత్తి పెట్టేసిన దొరసాని

అనగనగా ఒక రాజు. మన రాకుమారులు ఏడు సముద్రాలు దాటి పోతుంటారు చూడండి, ఆ అవతల ఉన్న పరాసు దేశానికి రాజు. కథ ఆయనది కాదు, పెర్నెల్ దొరసానిది. నవ్వకండర్రా! మన పేర్లు వింటే వాళ్ళూ నవ్వుతారు.

పెర్నెల్ వాళ్ళది కొండ మీద రాతికోట. కోట వెనక వాళ్ళమ్మ నాటిన ఎర్ర ఆపిల్ చెట్టు. చలికాలం వస్తే అమ్మ ఆ పళ్ళు నిప్పుల్లో కాల్చి, ఊది ఊది పెట్టేది. అమ్మ పోయాక ఆమె గుర్తుగా పెర్నెల్‌కి మిగిలినవి రెండే, ఆ చెట్టు, నడుముకి కట్టుకునే తాళాల గుత్తి. కోటలో డేగల్ని సాకే తిబో ఆమె ఈడువాడే. చెట్టు పూసినప్పుడల్లా ఓ రెమ్మ తుంచి, "జడలో పెట్టుకోండి దొరసానీ" అని ఇచ్చేవాడు. ఇంకో మాట మాట్లాడేవాడు కాదు, పిచ్చి సన్నాసి.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. కోట దొర చనిపోతే, ఆ ఇంటి ఆడమనిషిని సమాధి దగ్గర నిలబెట్టి అడుగుతారు: "గుత్తి మోస్తావా, పెడతావా?" మోస్తానంటే కోట ఆమెదే. కానీ ఆమెను ఎవరికిచ్చి కట్టబెట్టాలో రాజు ఇష్టం. పెడతానంటే గుత్తిని చచ్చినాయనతో పాటు పూడ్చేస్తారు, కోట రాజుకి పోతుంది, ఆమె కట్టుబట్టలతో వెళ్ళిపోవాలి. ఇక ఆమె జోలికి ఎవరూ రారు. కోట లేని ఆడదానితో రాజుకేం పని?

పెర్నెల్ నాన్న పోయాడు. "మోస్తావా, పెడతావా?" అని అడిగారు. పెర్నెల్ చెట్టు వైపు చూసింది. "మోస్తాను" అంది.

రాజు ఆమెను గోత్యే అనే ముసలి దొరకిచ్చి చేశాడు. ముసలాడే గానీ వెన్నలాంటి మనిషి. మాట్లాడే తెల్లడేగని తెచ్చిచ్చాడు. చదరంగంలో కావాలనే ఓడిపోయి, "అమ్మో, నన్ను చిత్తు చేశావు కదే పిల్లా!" అనేవాడు. కొన్నాళ్ళకి ఆయనా పోయాడు.

"మోస్తావా, పెడతావా?" పెర్నెల్ చెట్టు వైపు చూసింది. "మోస్తాను" అంది.

ఈసారి రాజు రెనో అనే యోధుడికిచ్చి చేశాడు. రెనో ఈల వేశాడంటే కోటంతా వినబడేది. మొదట్లో ఆ ఈలకి చెవులు మూసుకునేది పెర్నెల్. తర్వాత తర్వాత, ఈల వినబడకపోతే వెతుక్కునేది. అంతలో యుద్ధం వచ్చింది. రెనో శవమై తిరిగొచ్చాడు. పెర్నెల్ కుమిలి కుమిలి ఏడ్చింది.

ఇంకా సమాధైనా చెయ్యలేదు, ఊడిపడ్డాడు మాల్గోర్ మాంత్రికుడు! కత్తితో పొడిచినా చావడు, నిప్పులో వేసినా కాలడు. రాజుగారు వాడు గీసిన గీత దాటరు, పెర్నెల్‌ని వాడికే ఇస్తానన్నారు. పెళ్ళి కానుకంటూ ఓ బంగారు తాళంచెవి తెచ్చి మంత్రంతో ఆమె గుత్తికి తగిలించాడు.

"నీ చెట్టు నీకే ఉంచుతాలే. పాత ముచ్చట్లు మాత్రం నాకు గిట్టవు. పెళ్ళినాడు ఒక చుక్క మందు తాగిస్తాను. అమ్మా, మొగుళ్ళూ, అందర్నీ మర్చిపోతావు" అన్నాడు.

పెర్నెల్ గుత్తి చేతిలోకి తీసుకుంది. ఆ తాళంచెవి పీకి పారేద్దామంటే ఊడిరాదు. అప్పుడు తెల్లడేగ ఆమె భుజం మీద వాలింది.

"అమ్మా, వాడి ప్రాణం అందులోనే ఉంది" అంది.

చిలకలో ఉంటుందనుకున్నారు కదూ? చిలకల్ని మన రాకుమారులు బతకనివ్వట్లేదని వీడు తెలివి మీరాడు. దొరసాని గుత్తి మీద పరాయి చెయ్యి పడకూడదు, ఏ దొరసానీ గుత్తి పెట్టిన పాపాన పోలేదు. ఇంతకంటే భద్రమైన చోటేదీ అనుకున్నాడు వెధవ.

"గుత్తిని పూడ్చేస్తే?" అంది పెర్నెల్.

"వాడి పనైపోతుంది. కానీ చెట్టు పోతుందమ్మా" అంది డేగ.

తెల్లారి పెర్నెల్ చెట్టు దగ్గరికెళ్ళి, మానుని కావలించుకుని కాసేపు నిలబడింది. మొగ్గ కట్టిన రెమ్మ ఒకటి తుంచి జడలో పెట్టుకుంది.

సమాధి దగ్గర అడిగారు: "మోస్తావా, పెడతావా?" మాల్గోర్ మీసం దువ్వుకుంటున్నాడు. పెర్నెల్ ఈసారి చెట్టు వైపు చూడలేదు.

"పెడతాను" అంది.

"ఆగవే! కోట పోతుందే పిచ్చిదానా!" అని అరిచాడు వాడు. గుత్తి రెనో శవపేటిక మీద ఖణేల్మని పడింది. మీద మట్టి పడింది. మాల్గోర్ ఖాళీ గోనెసంచిలా కూలబడ్డాడు, మళ్ళీ లేవలేదు.

పెర్నెల్ కట్టుబట్టలతో బయటికి నడిచింది. జడలో రెమ్మని కాపలావాళ్ళు చూశారు గానీ, ఒంటి మీదున్నది అడగకూడదు మరి. గుమ్మం బయట తిబో ఉన్నాడు, చేతి మీద తెల్లడేగతో.

"ఎక్కడికి దొరసానీ?"

"దొరసాని లోపలే ఉండిపోయింది. నన్ను ఎవరికివ్వాలో ఇప్పుడు నా ఇష్టం. నువ్వేమంటావ్?"

తిబో మొహం కందగడ్డయింది. "నాకు గుడిసె తప్ప..."

"ఈ రెమ్మలిచ్చిననాడే ఓ మాట అనుంటే ఎంత బాగుండేదయ్యా!" అని ఆమె నవ్వుతూనే ఏడ్చేసింది.

పెళ్ళయింది. గుడిసె పక్కనున్న అడవి ఆపిల్ మొక్కకి తిబో ఆ రెమ్మని అంటు కట్టాడు. ఏళ్ళు గడిచి అది కాసింది. చలికాలం తొలి పండుని పెర్నెల్ నిప్పుల్లో కాల్చి, ఊది ఊది కొరికింది. అదే రుచి. అచ్చం అమ్మ పెట్టినదే! కళ్ళనిండా నీళ్ళతో అమ్మ గురించి చెప్పింది, ముసలాయన చదరంగం గురించి చెప్పింది, రెనో ఈల గురించి చెప్పింది.

తిబో అంతా విని, "ఆ ఈల ఎలా ఉండేది?" అన్నాడు.

ఆమె వేసి చూపించింది. తిబోకి ఎంత ఊదినా గాలే వచ్చింది. అయినా మానలేదు. ఆ గుడిసెనీ ఆ చెట్టునీ వాళ్ళు చల్లగా చాలాకాలం ఏలుకున్నారు. ముసలాడయ్యేనాటికి తిబోకి ఈల వచ్చేసింది కూడాను.