శెట్టిగారి మోకు

అనగనగా, వంతెన అంటే ఏమిటో ఎవరికీ తెలియని రోజుల్లో, ఎర్రేరు ఒడ్డున రేవూరని ఓ ఊరుండేది. ఆ ఊళ్ళో చిట్టెన్న శెట్టి జనపనారతో తాళ్ళు పేనించి అమ్మేవాడు. పశువుల పలుపులు, బావి చేంతాళ్ళు, ఓడలకు కట్టే లావుపాటి మోకులు, అన్నీ ఆయన కొట్లో దొరికేవి.

ఊరివాళ్ళ ఇళ్ళు ఇవతల, పొలాలు ఏటికి అవతల. ఏటా వానల్లో ఎవరో ఒకరు కొట్టుకుపోయేవారు. చూసి చూసి శెట్టి మనసు ఆగలేదు. ఒక బల్లకట్టు చేయించి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మోకు కట్టించాడు. ఈతగాళ్ళు ఇద్దరు ఆ మోకు పట్టి లాగుతూ జనాన్ని దాటించేవారు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునేవాడు కాదు.

తొలకరికి ముందు ఏటేటా కొత్త మోకు కట్టేవాడు. కట్టిన రోజున అందరికంటే ముందు తానే బల్లకట్టు ఎక్కేవాడు. "పేనించింది నేను. తెగితే నేను పోవాలి గాని ఊళ్ళోవాళ్ళు పోవడమేమిటయ్యా?" అనేవాడు.

కొడుకు గంగి శెట్టి కూడా బతికినన్నాళ్ళూ అలాగే చేశాడు. ఆ ఇంటి తాడంటే ఎంత దూరం నుంచి వచ్చినవాడైనా లాగి చూడకుండానే కొనుక్కుపోయేవాడు.

ఆ తరవాత మనవడు నాగి శెట్టి వచ్చాడు. చెడ్డవాడేం కాదు, పాపం. నలుగురిలో గొప్ప కోసం తహతహలాడే మనిషి, అంతే. తండ్రి బల్లకట్టు ఎక్కుతుంటే మేళాలు మోగడం, మెడలో దండలు పడడం చిన్నప్పటి నుంచీ చూశాడు. అదంతా మర్యాద కోసమే అనుకున్నాడు. ఆ మర్యాద పెద్దవాళ్ళకిస్తే మనకు పనికొస్తుంది కదా అనుకున్నాడు. చూశారా బుద్ధి!

మొదటి ఏడు మంత్రిగారిని పిలిచి ముందుగా ఎక్కించాడు. మంత్రి మురిసిపోయి, రాజుగారి ఏనుగులకు గొలుసుల బదులు నీ మోకులే కడతామన్నాడు. రెండో ఏడు ఓడల యజమానిని ఎక్కించాడు. అతడు తన ఓడలన్నిటికీ తాళ్ళు కావాలన్నాడు. ఇంకేముంది, మంచి నారంతా ఏనుగులకూ ఓడలకూ పోయింది.

మూడో ఏడు ఏటి మోకుకు నార చాలలేదు. ఇంకో పదిరోజులు ఆగితే వచ్చేదే. కానీ రాజుగారే స్వయంగా వస్తానని కబురంపారు, ముహూర్తం దాటకూడదు. నాగి శెట్టి పాత మోకునే లోపల పెట్టించి, పైన కొత్త నార గుట్టుగా చుట్టించాడు. "ఒక్క ఏడాదికి ఏమైపోతుందిలే" అనుకున్నాడు.

ఆ రోజు, ఎగువన వానలు పడి ఏటిలో ఎర్రటి వరదనీళ్ళు దిగాయి. ఊరంతా గట్టుమీదే ఉంది. తీరా చూస్తే రాజుగారికి జలుబు చేసిందట, రాలేనన్నారు.

"అయితే శెట్టిగారే ఎక్కాలి!" అన్నారు జనం.

నాగి శెట్టి కాలు కదపలేదు. పక్కనే ఉన్న తల్లి అక్కమ్మ, రాజు రాలేదని కొడుకు చిన్నబోయాడనుకుంది.

"పోనీలేరా, నేనెక్కుతాను. రాజుగారంత బరువుండనులే!" అని నవ్వింది.

"వద్దమ్మా, ఎండగా ఉంది."

"ఎండ నాకు కొత్తట్రా? మీ నాన్న వెనక నేనెన్నిసార్లు దాటలేదు! మోకు గట్టిదే కదా?"

ఊరంతా అతడి మొహం వంకే చూస్తోంది. ఒక్క మాట చెబితే తల్లి దక్కేది. పరువు పోయేది, పోనీ! అయ్యో, ఆ ఒక్క మాటే అతడి నోట రాలేదు.

"గట్టిదేనమ్మా" అన్నాడు.

ఆమె కొడుకు మాట నమ్మి ఎక్కి కూర్చుంది. బల్లకట్టు నడిమి ఏటికి చేరింది. మోకు కిర్రుమంది. "ఆపండి! వెనక్కి లాగండి!" అని నాగి శెట్టి గొంతు చించుకున్నాడు. అంతలోనే మోకు తెగింది. ఈతగాళ్ళు ఎలాగో గట్టెక్కారు. అక్కమ్మ మర్నాడు దిగువ ఇసుక మేటమీద దొరికింది.

ఊరివాళ్ళు ఒక్కరూ అతడిని అనుమానించలేదు. "ఏటి ఉరవడి అలాంటిది, నీ తప్పేముంది నాయనా?" అని కళ్ళొత్తుకున్నారు. ఆ ఓదార్పు అతడికి నిప్పులు పోసినట్టుంది. అన్నం సయించలేదు. పెద్దకర్మ నాడు, నిండు పంక్తిలో, తెగిన మోకు తెచ్చి అందరి ముందూ విప్పాడు. లోపల నల్లగా కుళ్ళిన నార కనిపించింది.

"ఏరు కాదు, మా అమ్మను నేనే చంపుకున్నాను" అని కూలబడి ఏడ్చాడు.

రాజుగారి బేరం పోయింది, ఓడల బేరం పోయింది. కొట్టు మూతపడింది. నాగి శెట్టి మంచి నార తెచ్చుకుని, పెరట్లో కూర్చుని, తన చేతులతోనే మోకు పేనాడు. చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు.

తొలకరి ముందు దాన్ని కట్టి, తానే మొదట దాటి వచ్చాడు. అతడి వెనక ఎవరూ ఎక్కలేదు. మరుసటి ఏడూ దాటాడు, ఎవరూ ఎక్కలేదు. జనం తప్పేముంది? మూడో ఏడు దాటి వచ్చి తల వంచుకు నిలబడ్డాడు. కూరల గంపతో ఓ ముసలమ్మ గబగబా వచ్చి బల్లకట్టు ఎక్కింది.

"పొద్దెక్కుతోంది, పద నాయనా" అంది.

"భయం లేదా అవ్వా?"

"నువ్వెక్కి వచ్చావుగా, చాలు."

నాగి శెట్టి వెక్కి వెక్కి ఏడుస్తూనే మోకు లాగాడు. ఊరు అతడిని మళ్ళీ నమ్మింది. తల్లి మాత్రం తిరిగి రాలేదు.

కాబట్టి పిల్లలూ, మన చేతిపని మీద ఇతరులు ప్రాణం పెట్టేముందు మన ప్రాణం పెట్టి చూసుకోవాలి. పెద్దలు సంపాదించిన పేరు నిలిచేది అందువల్లే.