నాము చేను

కుళ్లాయప్ప అన్నీ మానేశాడు. కోపం మాత్రం పోలేదు.

కల్లు మానేశాడు, బీడీ మానేశాడు, రాత్రి కూడు మానేశాడు. ఆ ఏడు తొలకరి ఒక్కసారి పలకరించి వెళ్లిపోయింది. వాన లేని ఆ రోజుల్లోనే, పొద్దు గుంకేదాకా నీళ్లు కూడా ముట్టనని పట్టుబట్టాడు. పెదవులు పగిలాయి. మాట అంతకంటే గరుకైంది.

అతని గురువు కంబళి సాహెబు. ఊరి బయట, నల్లరేగడి చేల మధ్య చిన్న దర్గా ఆయనది. ఏ కాలమైనా ఒంటి మీద అదే కంబళి. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉంటాడు. మెలకువో నిద్రో ఎవరికీ తెలియదు. సాంబ్రాణి పొగ ఆయన చుట్టూ తిరిగి, తోవ మరిచిపోయినట్టు అక్కడే ఆగిపోతుంది. జనం వచ్చి కష్టం చెప్పుకుంటారు. ఆయన వింటాడు, కడవలోంచి ఇన్ని నీళ్లిస్తాడు. వాళ్లు తాగి వెళ్లిపోతారు. టైలరు బాషా ఆ కంబళిని దగ్గరగా చూసి లోపాలు పట్టుకోవాలని వెళ్లి, తన కష్టాలన్నీ చెప్పుకుని ఏడ్చి వచ్చాడు. కంబళి ఏ రంగో కూడా చూడలేదు.

సాహెబు తర్వాత ఆ గుమ్మంలో కూర్చునేది కుళ్లాయప్పేనని ఊరంతా అనుకునేది. అదే ఊరి భయం.

మాజీ సర్పంచి వీరారెడ్డి మోకాళ్ల నొప్పికి తాయెత్తు కోసం వస్తే, "నీ మోకాళ్లు మోయలేనిది నీ ఒళ్లు కాదు, నీ గొప్పలు" అన్నాడు కుళ్లాయప్ప. నిజమే. కానీ అది మేం అరుగుల మీద కూర్చుని అనుకోవాల్సిన మాట, ఆయన మొహం మీద అనాల్సింది కాదు.

ఒక మధ్యాహ్నం అతను సాహెబు ముందు కూర్చున్నాడు.

"సామీ, నోరు తెరిస్తే నాకే చేదుగా ఉంది. ఇంకేం మానమంటారు?"

"ఏం మిగిలింది?"

"నిద్ర ఒకటి ఉంది."

"అది నాకు వదిలెయ్ నాయనా," అని సాహెబు కళ్లు మూసుకున్నాడు.

అప్పుడే ఓబులమ్మ తన పెయ్యను తోలుకుని వచ్చింది. పెయ్య పేరు చుక్క. మొగుడు పోయాక ఆ ఇంట్లో ఆమెకు తోడు అదొక్కటే. అది మాట్లాడదు గానీ, ఓబులమ్మ ఇద్దరికీ సరిపడా మాట్లాడుతుంది. పెయ్యను గుమ్మం ముందు నీడలో కట్టేసింది. అది కుళ్లాయప్ప కూర్చునే నీడ.

"ఇది దర్గానా, దొడ్డా?" అన్నాడతను.

"సాంబ్రాణి వేసి వచ్చేస్తా నాయనా. ఎండగా ఉండాది."

"దేవుడి మీద లేని ధ్యాస దీని మీద ఉంది. పో, దీనికే మొక్కుకో."

ఓబులమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనకపోవడం ఊళ్లో ఎవరూ అంతకుముందు చూసి ఉండరు. తల దించుకుని లోపలికి వెళ్లింది. కుళ్లాయప్ప తాడు విప్పి పెయ్యను ఎండలోకి తోలేశాడు.

దర్గా వెనక సాహెబుది కాస్తంత జొన్నచేను ఉంది. తొలకరికి మొలిచి, తర్వాత చుక్క నీరు లేక మోకాలెత్తున గిడసబారి ఆగిపోయింది. ఎండమావిలో ఆ ఆకులు నీలంగా కదులుతున్నాయి. పెయ్య నీళ్లలోకి దిగినట్టు మెల్లగా అందులోకి దిగింది.

గిడసబారిన జొన్నలో విషం చేరుతుంది. దాన్ని నాము అంటారు. మా సీమలో చిన్నపిల్లలు కూడా పశువును అటు పోనియ్యరు. కుళ్లాయప్పకూ తెలుసు. కానీ కోపంలో ఉన్నవాడికి తెలిసిన సంగతులు కాస్త ఎడంగా నిలబడతాయి.

ఓబులమ్మ బయటికి వచ్చేసరికి పెయ్య చేని గట్టు మీద పడి ఉంది. నోట్లో నురగ. డొక్కలు ఎగిసి పడుతున్నాయి.

అదృష్టం, పశువుల డాక్టరమ్మ హేమలత గొర్రెలకు టీకాలు వెయ్యడానికి ఆ రోజు ఊళ్లోనే ఉంది. బాషా ఆమెను బండి మీద తెచ్చాడు. ఆ బండి అంత వేగంగా పోగలదని అతనికీ అప్పుడే తెలిసింది. డాక్టరమ్మ పెయ్య పెదవి ఎత్తి చూసి, మెడ నరానికి సూది మందు ఎక్కించి, చెయ్యి అక్కడే ఉంచింది.

"ఊపిరి అందడం లేదా అమ్మా?" అన్నాడు కుళ్లాయప్ప.

"అందుతోంది. చిగుళ్లు చూడు, ఎంత ఎర్రగా ఉన్నాయో. రక్తం నిండా ప్రాణవాయువే. ఒంట్లో కణాలే దాన్ని తీసుకోలేకపోతున్నాయి. విషం వాటి నోరు కట్టేసింది. నిండు కడవ పక్కనే కూర్చుని దాహంతో పోయినట్టు."

కుళ్లాయప్ప నాలుకతో పెదవులు తడుపుకోబోయాడు. నాలుక కూడా ఎండిపోయి ఉంది.

"ఆకులో అంత విషం ఉంటుందా?"

"ఆకులో ఉన్నంతసేపూ అది విషం కాదు. రెండు సరుకులు రెండు గదుల్లో విడివిడిగా ఉంటాయి. పళ్ల కింద నలిగితే మధ్య గోడ కూలి కలుస్తాయి. విషం అప్పుడు పుడుతుంది."

"ఎందుకమ్మా దానికి అది?"

"తనను ఎవరూ తినకుండా. నీళ్లు లేకపోతే ఇంకా ఎక్కువ దాచుకుంటుంది."

బెల్లం నీళ్లు పొయ్యాలని చుట్టూ చేరిన జనంలోంచి వీరారెడ్డి చెప్పాడు. ఎవరూ వినలేదు. గాలి ఆగిపోయింది. గువ్వ ఒకటి ఎక్కడో కూసి మానేసింది. ఓబులమ్మ పెయ్య తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె పెదవులు కదలడం లేదు. కుళ్లాయప్ప ఆ పెదవులనే చూస్తున్నాడు.

పెయ్య చెవి కదిలింది. తర్వాత డొక్కలు నెమ్మదించాయి. చాలాసేపటికి అది తూలుతూ లేచి నిలబడింది. ఓబులమ్మ నోరు తెరిచి దాన్ని తిట్టడం మొదలుపెట్టాకే మాకు నమ్మకం కుదిరింది.

కుళ్లాయప్ప కొడవలి తీసుకుని చేలోకి దిగాడు. సాహెబు గోడ వదిలి లేచాడు. కంబళితో, ఎండలో, కడవ పట్టుకుని నిద్రలో నడిచినట్టు నడిచి వచ్చాడు.

"ఏం చేస్తాండావు నాయనా?"

"విషం సామీ. వేళ్లతో సహా లేకుండా చేస్తా."

సాహెబు కడవ చాచాడు. "తాగు."

"పొద్దు గుంకలేదు సామీ."

"తాగు."

కుళ్లాయప్ప తాగాడు. గడ్డం మీదుగా, మెడ మీదుగా నీళ్లు కారాయి. కడవ ఖాళీ అయ్యేదాకా ఆగలేదు. సాహెబు అతని చేతిలో కొడవలి తీసుకుని, ఖాళీ కడవ అక్కడే ఉంచి, బావి వైపు చూపించాడు.

"ఇప్పుడు దానికి పొయ్యి."

అతను చీకటి పడేదాకా మోశాడు. మర్నాడూ మోశాడు. కుళ్లాయప్ప కడవ మొయ్యడం చూడ్డానికి ఊళ్లో అందరికీ ఏదో ఒక మొక్కు గుర్తొచ్చింది. వాలిన ఆకులు నిటారుగా లేచాయి.

"సామీ, చేను తేరుకుంది. విషం పోయినట్టేనా?"

"ఒక తడికి పోదు నాయనా," అన్నాడు సాహెబు కళ్లు తెరవకుండానే.

అతను పోస్తూనే ఉన్నాడు. తర్వాత వాన కూడా వచ్చి ఓ చెయ్యి వేసింది. చేను మనిషెత్తు లేచింది. కంకులు వచ్చాయి, పూత రాలింది, గింజ పాలు పోసుకుంది. ఒక సాయంత్రం సాహెబు చేని వైపు చూసి తలూపాడు.

ఓబులమ్మ పెయ్యతో దూరంగా నిలబడి ఉంది. కుళ్లాయప్ప కొన్ని దంట్లు కోసి తెచ్చి పెయ్య ముందు పెట్టబోయాడు.

"ముందు నువ్వు తిను," అందామె.

అతను ఒక దంటు పెచ్చు తీసి నమిలాడు. ఆమె అతని మొహాన్ని, గొంతును, కళ్లను జాగ్రత్తగా చూసింది. అతను ఇంకో ముక్క నమిలాడు.

"తియ్యగా ఉంది అక్కా."

పెయ్య ఆగలేదు, మూతి పెట్టేసింది. కుళ్లాయప్ప గుమ్మం ముందు నుంచి పక్కకు జరిగి, ఆమెకు, పెయ్యకు నీడలో చోటిచ్చాడు.

ఓబులమ్మ కూర్చుంది. కూర్చుని, మొగుడు పోయిన రోజు దగ్గర్నుంచి మొదలుపెట్టింది. పొద్దు గుంకింది. మధ్యలో కుళ్లాయప్ప ఒక్కసారే లేచాడు, ఆమెకు నీళ్లు తేవడానికి.