అమ్మను చూసిన కన్ను

దొరవారి కన్ను పడిందంటే ఏ వస్తువైనా కోటకు నడవాల్సిందే. ఈసారి ఫోటోల గవరయ్యకు కూడు పెట్టే పాత కెమెరా వంతు వచ్చింది.

"మా అమ్మను ఫోటో తీసింది దీంతోనే. ఇది కోటది" అన్నాడు దొర.

"చిత్తం. లెన్సు మీద ఏదో చెక్కి ఉంది, తమరే చదివి చెప్పాలి" అన్నాడు గవరయ్య, అన్నీ తెలిసే ఏమీ తెలియనట్టు.

"ఆమాత్రం తెలీదట్రా? అక్షరం ఫ్యాక్టరీది, అంకెలు తయారైన సంవత్సరానివి. ముప్ఫయ్యారు!"

"అమ్మగారు కాలం చేసిందెప్పుడు దొరా?"

"ముప్ఫై రెండు..." దొర లెన్సు మీది అంకెలను మళ్లీ చూశాడు. కెమెరాను మెల్లగా బల్ల మీద పెట్టాడు. "అమ్మను చూసిన కన్ను ఇదే అనుకున్నానురా" అని వెళ్లిపోయాడు.

గవరయ్యకు కెమెరా దక్కింది. కానీ ఆనాటి నుంచి అందులోంచి ఎవరిని చూసినా, తల వంచుకుని పోతున్న దొర వీపే కనబడేది.