మెట్ల కింద పోలమ్మ

అనగనగా ఒక వీధి ఉండేదట. వీధి పొడుగునా అన్నీ రిపేరు దుకాణాలే. మీరెవరూ పుట్టకముందు మాట ఇది. కంప్యూటర్లు ఒళ్లో పెట్టుకునేంత చిన్నవైన కొత్తల్లో మాట.

ఆ వీధిలో ఒక మేడ. మేడ మెట్ల కింద ఒక బల్ల. బల్ల ముందు పోలమ్మ. ఆమెకి దుకాణం లేదు. పెద్ద దుకాణాల వాళ్లకి చేతకాని సన్న టంకం పని ఆమె దగ్గరికి వచ్చేది. పని చేయించుకునేవాళ్లు గానీ ఆమె పేరు ఎవరికీ చెప్పేవాళ్లు కాదు. పోలమ్మ భూతద్దం కంటికి పెట్టుకుని తన పని తాను చూసుకునేది.

ఒక వానాకాలం కొండల మీంచి ఆరిక చామంతి అనే పంతులమ్మ ఆ వీధికి వచ్చింది. తొమ్మిదేళ్లపాటు ఊరూరూ తిరిగి, తమ భాషలో ముసలమ్మలు పాడే పాటలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించిందామె. విత్తు పాటలు, పెళ్లి పాటలు, పోయినవాళ్లని సాగనంపే పాటలు. పాడినవాళ్లలో సగంమంది అప్పటికే లేరు. వాగు దాటుతుంటే కాలు జారింది. సంచి నీళ్లలో పడింది. ల్యాప్‌టాప్ చచ్చిపోయింది.

మొదటి దుకాణం వాడు డిస్కు విప్పి చూశాడు. "డిస్కు బాగానే ఉంది మేడమ్. కానీ దానికి తాళం వేసుంది. తాళంచెవి ఈ బోర్డు మీద చిప్పులో ఉంటుంది. బోర్డు చచ్చింది. పోయింది, మర్చిపోండి."

రెండో దుకాణం వాడు అడిగాడు. "తాళం వేసినప్పుడు, తాళంచెవి పోతే వాడుకోమని కంప్యూటర్ పొడుగాటి అంకెల వరస ఒకటి ఇస్తుంది. రాసుకున్నారా?" చామంతి కాగితం చూపించింది. అదీ ఆ సంచిలోనిదే. సిరా అంతా కరిగిపోయింది. "అయితే పోయింది, మర్చిపోండి."

మూడో దుకాణం వాడు విప్పి చూడనైనా లేదు. "కొత్త బోర్డు వేసి, డిస్కు తుడిచేసి ఇస్తాను. పాటలంటారా, పోయాయి, మర్చిపోండి."

చామంతి మేడ మెట్ల మీద కూలబడి ఏడ్చింది. మెట్ల కిందినుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏటైందమ్మా?"

"పాటలు పోయాయమ్మా."

"పోనాయో లేదో సూసి సెప్తాను. ఇలా తే."

పోలమ్మ అంతా విన్నది. "ఇంకోచోట దాచలేదా?" అని దెప్పలేదు. "పాత బోర్డు ఒక్కసారి లేస్తే సాలు. తాళంచెవి దాన్లోనే ఉంది కదా" అంది.

మొదటిరోజు బోర్డుని స్పిరిటుతో కడిగి, మెత్తటి బ్రష్షుతో బురద తీసి ఆరబెట్టింది. మీట నొక్కితే బోర్డు మీద దీపం వెలగలేదు. "పోయినట్టేనా అమ్మా?" అంది చామంతి. "సూసి సెప్తాను."

రెండోరోజు కాలిపోయిన ముక్క తీసి కొత్తది అతికించింది. దీపం వెలిగి ఆరిపోయింది. "పోయినట్టేనా?" "సూసి సెప్తాను."

మూడోరోజు పోలమ్మ పొద్దుటినుంచి అద్దం దించలేదు. మధ్యాహ్నానికి దొరికింది. బోర్డు మీద కరెంటు పారే గీతల్లో తుప్పు తినేసిన ఒక గీత, వెంట్రుకంత. దాని మీద వెంట్రుక కన్నా సన్నటి రాగితీగ పరిచి టంకం పెట్టింది. మీట నొక్కింది.

తెర వెలిగింది. పాస్‌వర్డ్ అడిగింది.

పోలమ్మ కుర్చీతో సహా గోడవైపు తిరిగిపోయింది. "నీ ఇంటి తాళం నువ్వు తీసుకో తల్లీ. నాను సూడను."

చామంతి ఒకసారి తప్పు కొట్టింది. రెండోసారి తెరుచుకుంది.

"వినడం తర్వాత. ముందు కాపీ తియ్యి. ఇది ఎంతసేపు బతుకుతాదో నాకు తెలీదు" అంది పోలమ్మ. కాపీ పూర్తయింది. పూర్తయిన కాసేపటికే బోర్డు ఆరిపోయింది. మళ్లీ ఎన్నడూ వెలగలేదు.

ఆ సాయంత్రం పక్క దుకాణం కంప్యూటర్‌లో ఒక ముసలమ్మ పాట మోగింది. వీధి వీధంతా పని ఆపి విన్నది. మూడు దుకాణాల వాళ్లూ వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డారు. "ఎవరు చేశారు?" అని జనం అడిగితే, మొదటిసారి వాళ్లే చెప్పారు. "మా పోలమ్మ."

కొన్నేళ్లకి పోలమ్మ పోయింది. పెద్దకర్మ రోజున కొండలమీంచి జనం దిగివచ్చారు. మెట్ల ముందు నిలబడి, పోయినవాళ్లని సాగనంపే పాట పాడారు. వీధిలో ఒక్క దుకాణమూ తెరవలేదు.

ఇప్పటికీ ఆ వీధిలో యజమాని పాస్‌వర్డ్ కొడుతుంటే రిపేరు చేసేవాళ్లు గోడవైపు తిరుగుతారు. విప్పి చూడకుండా "పోయింది" అన్నవాణ్ని పక్కవాళ్లే కేకలేస్తారు.

కొండ ఊళ్లలో విత్తనాలు చల్లే రోజున ఆ విత్తు పాటలు పెడతారు. పెట్టేముందు పాడిన ముసలమ్మల పేర్లు వరసగా చదువుతారు. ఆ వరసలో ఆఖరి పేరు పోలమ్మది. ఆమెకి వాళ్ల భాష ఒక్క ముక్క రాదు. అయినా ఆమె ఏ పాట పాడిందని అక్కడ ఎవరూ అడగరు.